అవసరం లేదన్న ఫోల్డర్

పరంధామయ్య మూడు రోజులుగా కోడలితో మాట్లాడటం లేదు. కోడలికి చెప్పాల్సినవి భార్యకు చెబుతున్నాడు, భార్యకు చెప్పాల్సినవి గోడకు చెబుతున్నాడు. తొండియార్‌పేటలో ఆ ఇంటి గోడలు ఇంతకుముందెన్నడూ ఇన్ని మాటలు విని ఉండవు.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. భోజనాల బల్ల మీద ఆయన ముందు నాలుగు ఇడ్లీలు. ఇడ్లీలకు జానెడు దూరంలో, తమ అంబత్తూరు వర్క్‌షాపు నుంచి తెచ్చిన కంప్యూటర్ పక్క మూత ఊడదీసి ఉంది. దాని హార్డ్‌డిస్క్‌ను బయటికి తీసి, మడిచిన తువ్వాలు మీద పడుకోబెట్టారు. ఆ పక్కన సునయన లాప్‌టాప్. తెర మీద నల్లటి కిటికీలో తెల్లటి అక్షరాలు, వాటి కింద ఒక అంకె. ఆ అంకె ఇంకా సున్నా దగ్గరే ఉంది.

"పుష్పా, ఆ శవాన్ని బల్ల మీంచి తీయమని చెప్పు," అన్నాడు పరంధామయ్య గోడ వైపు చూస్తూ. "దాని ముందర నాకు ఇడ్లీ దిగదు."

"శవం కాదు మామయ్యగారూ," అంది సునయన. "దాన్ని కదపకూడదు. ఇంకొక్క పూట ఓపిక పట్టండి."

"మూడు దినాలుగా ఇదే పాట," అన్నాడాయన గోడతోనే.

పుష్పవల్లి చట్నీ గిన్నె బల్ల మీద కొంచెం గట్టిగానే పెట్టింది. "మీరు తినండి. ఇడ్లీ ఏం చేసింది మిమ్మల్ని? బీపీ మాత్ర ఖాళీ కడుపుతో వేసుకుంటారా?"

"నా తమ్ముడి ముప్పై ఏళ్ల పని గాల్లో కలిసినాక నాకు మాత్ర ఒకటా."

తమ్ముడు కోదండరాం పోయి నాలుగేళ్లయింది. వర్క్‌షాపులో ఇనుముతో తయారయ్యే ప్రతి డై, అంటే అచ్చు, ప్రతి బ్రాకెట్ అతను గీసిన గీతలోంచి వచ్చిందే. కాగితాల మీద గీసినవన్నీ 2015 వరదలో నాని ముద్దయిపోతే, ఆ మనిషి విసుక్కోకుండా కూర్చుని ఒక్కొక్కటీ కంప్యూటర్‌లో మళ్లీ గీశాడు. మూడువందల యాభై ఏడు డ్రాయింగులు. అన్నీ 'కోదండం' అనే ఒక్క ఫోల్డర్‌లో ఉండేవి. బుధవారం దాకా ఉండేవి.

బుధవారం ఆ కంప్యూటర్‌ను తుడిచింది సునయన. అది ఆమె కావాలని నెత్తిన వేసుకున్న పని కాదు. లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ వాడే షాపులకు ఇకమీదట ఆర్డర్లు ఇవ్వబోమని ఓ పాత గిరాకీ కంపెనీ ఉత్తరం రాసింది. వర్క్‌షాపులో ఉన్నదంతా ఎవరో ఏనాడో సీడీలో పెట్టి ఇచ్చిపోయిన దొంగ సరుకే. ఓఎంఆర్ రోడ్డు మీది ఐటీ కంపెనీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేసే కోడలు ఇంట్లో ఉండగా ఇంకొకరిని పిలవడమెందుకని ఆయనే అన్నాడు. ఆమె డిస్క్ తుడిచి లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసింది. ఉత్తరాలకు లిబ్రే ఆఫీస్ పెట్టింది, డ్రాయింగులకు లిబ్రేక్యాడ్ పెట్టింది. మూలనపడ్డ ఇంకో పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా నిలబెట్టి, ఫోల్డర్లన్నీ ముందే దాంట్లోకి చేర్చింది. అన్నీ దాపరికం లేకుండా ఎవరైనా వాడుకోగలిగేవి, చట్టానికి భయపడక్కర్లేనివి. ఇరవై ఆరు ఫోల్డర్లు సర్వర్‌కు చేరాయి. ఇరవై ఏడోది చేరలేదు.

"ఊరికే వచ్చేది ఊరికే పోతాది అని నేను ఆ దినమే అన్నా," అన్నాడు పరంధామయ్య.

సునయనకు మూడు రోజులుగా గొంతులో అడ్డుపడి ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"సాఫ్ట్‌వేర్‌ని అనకండి మామయ్యగారూ. అది పోగొట్టలేదు. నేను పోగొట్టాను. కానీ నేను మిమ్మల్ని అడిగే చేశాను. కోదండం ఫోల్డర్ కూడా ఎక్కించమంటారా అని అడిగాను. దానికి అవసరం లేదమ్మా అన్నారు మీరు."

పరంధామయ్య మూడు రోజుల్లో మొదటిసారి గోడను వదిలి ఆమె వైపు తిరిగాడు.

"అన్నా. కాదన్లేదే. అవసరం లేదు అన్నా."

"మరి అవసరం లేదన్నాక..."

"అవసరం లేదంటే తుడిచేయమని అర్థమా? ఏ ఊరి అర్థం మా అది?"

"మా తెనాలిలో అదే అర్థమండీ."

విజయకుమార్ కాఫీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెళ్లయి ఎనిమిది నెలలైంది. తండ్రికీ భార్యకీ మధ్య నిలబడటం ఇంకా అలవాటు కాలేదు, అలవాటు లేనివాళ్లంతా చేసేదే అతనూ చేశాడు. సులువైన పక్కకు జరిగాడు.

"సునయనా, విడు. చిన్నాయన ఫోల్డర్ అని తెలుసు గదా నీకు. ఒకటికి రెండు తడవలు అడిగుండాల."

"రెండుసార్లు అడిగాను విజయ్. రెండుసార్లూ అదే మాట చెప్పారు. మూడోసారి అడిగితే చెవుడా అంటారని ఊరుకున్నాను."

"అయినా నీకు తోచొద్దా? ఆయన డ్రాయింగులు లేకుండా షాపు యాడ నడుస్తుంది?"

"నాకు ఎలా తోస్తుంది? నేను ఆయన్ని చూడనైనా లేదు."

సునయన కళ్లు తిప్పుకుని తెర వైపు చూసింది. అంకె సున్నా. ఆమెకు భయంగా ఉంది. ఈ డిస్క్‌లోంచి ఏమీ రాకపోతే, తాను ఈ ఇంట్లో ఎన్నేళ్లున్నా కోదండరాం గీసినవన్నీ తుడిచిన కోడలిగానే ఉండిపోతుంది. ఆ సంగతి ఎవరూ అననక్కర్లేదు.

పైన ఫ్యాన్ టకటకమంటోంది. ఇంట్లో గొడవ చల్లార్చడానికి పుష్పవల్లికి ఒక్క దారే తెలుసు, ఎవరినో ఒకరిని ఏదో పనికి తరమడం.

"విజయా, నువ్వు పోయి తలకు పోసుకోరా. నూనె కాచి పెట్టినా. అవసరం లేదు, నిదానంగా పోసుకో."

సునయన తల ఎత్తింది.

"అత్తయ్యగారూ, ఇప్పుడేమన్నారు?"

"తలకు పోసుకోమన్నా."

"ఆ తరవాత."

"అవసరం లేదు అన్నా."

"స్నానం అవసరం లేదా?"

"స్నానం ఎందుకు వద్దంటా నేను? శుక్రవారం నుంచి వాడు తల తడపలేదు. అవసరం లేదన్నా అంతే. ఆదివారం గదా, ఆఫీసా, బస్సా."

సునయన కుర్చీలో నిటారుగా కూర్చుంది. "అంటే తొందర లేదు అనా?"

"ఆమా. అవసరం లేదంటే అదే గదా," అంది పుష్పవల్లి, ఇంత చదువుకున్న పిల్లకు ఇది కూడా చెప్పాలా అన్నట్టు.

అరవంలో అవసరం అంటే తొందర. అయిదారు తరాలుగా ఈ అరవ ఊళ్లోనే పుట్టి ఈ ఊళ్లోనే పెరిగిన తెలుగు కుటుంబం వాళ్లది. బళ్లో అరవం, బజార్లో అరవం, ఇంటికొస్తే తెలుగు. ఎప్పుడో ఏ తాత నోట్లోనో ఈ మాట అర్థం మార్చుకుంది, మార్చుకున్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియజేసేవాళ్లు తెనాలి నుంచి రావాల్సి వచ్చింది.

"మామయ్యగారూ," అంది సునయన మెల్లిగా. "మీరు ఆరోజు చెప్పింది, ఆ ఫోల్డర్‌కి తొందర లేదు అనా?"

"ఇంగేమనుకున్నావు?" పరంధామయ్య గొంతు అప్పటికే తగ్గింది. "మిగతావి ముందర ఎక్కించు, వాడిది అవసరం లేదు, ఆఖర్న ఎక్కించచ్చు అనుకున్నా. నేను పక్కన కూర్చొని, ఒక్కొక్కటి చూసుకుంటా ఎక్కించాలని ఆశ పడినా. వాడు పోయినాక ఆ ఫోల్డర్ నేను తెరిచిందే లేదు."

"నేను అక్కర్లేదు అన్నారనుకున్నాను."

"అక్కర్లేదా," అన్నాడాయన. "నా తమ్ముడిది నాకు అక్కర్లేదంటానా నేను?"

"అనరు," అంది సునయన. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడు తెలిసిందండీ."

విజయకుమార్ గుమ్మంలోంచి నవ్వాడు. నవ్వకూడదని తెలిసీ ఆపుకోలేకపోయాడు. పుష్పవల్లి కొడుకుని కసిరి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరంధామయ్య ముందు ఇద్దరినీ కోపంగా చూశాడు, తరవాత ఇడ్లీ ఒకటి తుంచాడు. తప్పు ఎవరిదో తేలిపోయింది, ఎవరిదీ కాదు. మూడు రోజులుగా గుండె మీద కూర్చున్న రోలు సగం దిగినట్టుంది అందరికీ.

కానీ ఫోల్డర్ ఇంకా రాలేదు. మాట దొరికితే డ్రాయింగులు దొరికినట్టు కాదు.

"ఇప్పుడు ఇది ఏం చేస్తా ఉండాది?" పరంధామయ్య తెర వైపు గడ్డం చూపించాడు. అడిగింది కోడలినే.

సునయన కుర్చీ ఆయన పక్కకు జరుపుకుంది. "డిస్క్ తుడవడమంటే పుస్తకంలో ముందుండే విషయసూచిక చించెయ్యడం లాంటిదండీ. లోపలి పేజీలు చాలావరకు అలాగే ఉంటాయి. కొత్తగా ఏమైనా రాస్తే, ఆ రాసినచోట మాత్రం పాతవి పోతాయి."

"అందుకా షాపులో మేస్త్రి తంగరాజ్ డ్రాయింగ్ అడగంగానే ప్లగ్గు పీకేసినావు? కోపంతో పీకినావు అనుకున్నా."

"భయంతో పీకానండీ. అది ఆన్‌లో ఉన్నకొద్దీ ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటుంది. నిన్న మధ్యాహ్నం డీడీరెస్క్యూ అనే దాంతో డిస్క్ మొత్తానికీ ఒక నకలు తీశాను, కొత్త డిస్క్ మీదికి. అసలుదాన్ని ఇక ముట్టుకోం. వెతుకులాటంతా నకలు మీదే."

పరంధామయ్య తల ఊపాడు. కంప్యూటర్ భాష ఆయనకు అర్థం కాలేదు గాని ఈ మాట అర్థమైంది. "అది సెరి. ఒరిజినల్ పీసు మీద ఉలి పెట్టకూడదు. మా నాయన కూడా అదే చెప్పేవాడు. ఇది, వెతికేది?"

"దీని పేరు ఫోటోరెక్. పేరుకి ఫోటోలని ఉంది గాని అన్ని రకాలూ వెతుకుతుంది. డిస్క్‌లో మొదటి నుంచి చివరిదాకా వేలుపెట్టి చదువుకుంటూ పోతుంది, డ్రాయింగ్‌లా మొదలైంది ఏదైనా కనబడితే తెచ్చి పక్కన పెడుతుంది. డ్రాయింగులు, ఉత్తరాలు మాత్రమే చూడమని చెప్పాను."

"దీనికి ఎంత కట్టినావు?"

"ఏమీ లేదండీ. ఫ్రాన్సులో ఒకాయన మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లు దాటింది. అందరికీ అలాగే ఇస్తున్నాడు. ఎలా రాశాడో కూడా తెరిచి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు."

"మనం ఎవురో ఆయనకు తెలుసునా?"

"తెలియదండీ."

"మరి ఎందుకిచ్చినాడు?"

సునయన దగ్గర ఆ ప్రశ్నకు ఉద్యోగంలో చెప్పే జవాబులు నాలుగైదు ఉన్నాయి. ఒక్కటీ ఇక్కడ సరిపోయేలా లేదు. "ఆయనకీ ఏదో పోయి ఉంటుంది మామయ్యగారూ, ఎప్పుడో," అంది.

తొమ్మిది ఇరవైకి సున్నా ఒకటైంది.

ముందు చూసింది విజయకుమార్. నూనె రాసుకున్న తలతో, భుజాన తువ్వాలుతో వచ్చి నిలబడి ఉన్నాడు. "వందుడుచ్చు," అన్నాడు అరవంలో, వచ్చేసిందని. ఎవరూ కదల్లేదు. ఒకటి కాస్తా నాలుగైంది. నాలుగు పదకొండైంది. ఆ తరవాత అంకె కొంతసేపు ఆగింది, నలుగురూ ఊపిరి కూడా ఆపుకున్నట్టే ఆగారు. మళ్లీ కదిలింది.

"పేరేది?" అన్నాడు పరంధామయ్య. "కోదండం అని రాలేదే. ఏందీ నంబర్లు?"

"పేర్లు రావండీ. పేర్లు ఆ సూచికతోనే పోయాయి. లోపలిది మాత్రమే వస్తుంది. ఏది ఏమిటో మనమే తెరిచి చూసి పేరు పెట్టుకోవాలి."

"తెరు."

మొదటిది లిబ్రేక్యాడ్‌లో తెరుచుకుంది. నల్లటి తెర మీద సన్నటి తెల్ల గీతలు, రెండు వృత్తాలు, కొలతలు. పరంధామయ్య కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని ముందుకు వంగాడు.

"చెరుకురసం మిషన్ రోలర్ బ్రాకెట్," అన్నాడు వెంటనే. "పల్లావరం ఆర్డర్. ఆ పక్కన ఏదో రాసుండాది, పెద్దది చెయ్యి."

కోదండరాంకు తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాదు. బొమ్మ పక్కన ఖాళీలో తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాడు. సునయన అది చదివింది. "అన్నా, ఈ తూటు పెద్దది చేయొద్దు. తంగరాజ్ చెప్తాడు, వినొద్దు."

పరంధామయ్య నవ్వాడు. నవ్వుతూనే కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకుని మళ్లీ తీశాడు. చివరికి తుడుచుకోవాల్సింది అద్దాలు కాదని ఒప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"వాడే," అన్నాడు. "వాడి మాటే."

అక్కణ్నుంచి ఆ ఇంట్లో ఆదివారం నడిచిన తీరు వేరు. ఒక్కో డ్రాయింగ్ తెరుచుకుంటుంది, పరంధామయ్య పేరు చెబుతాడు, సునయన ఆ పేరు పెట్టి సర్వర్‌లో చేరుస్తుంది. గ్రైండర్ అడుగు ప్లేటు. బీరువా తాళం పంచ్ డై. లారీ తలుపు గడియ, దాంట్లోనే రెండో రకం. ఆయన ఒక్కదానికీ తడుముకోలేదు. ప్రతి దాని వెంట ఒక కథ కూడా చెప్పాడు, కొన్నిటి వెంట రెండు. విజయకుమార్ తలకు పోసుకోవడం మరిచిపోయాడు. నూనె మెడ మీదికి కారుతున్నా అక్కడే నిలబడి, తండ్రి చెప్పే పేర్లకు కాగితం మీద వరస నంబర్లు వేశాడు.

ఓ మధ్యలో అతను భార్య కుర్చీ వెనక్కి వచ్చి వంగాడు.

"రెండు తడవలు అడిగినా అని నువ్వు చెప్తే నేను నమ్ముండాల," అన్నాడు ఆమెకు మాత్రమే వినబడేలా.

"ఊఁ," అంది సునయన తెర మీంచి చూపు తిప్పకుండా.

"కోపమా?"

"ఉంది. తరవాత పడతాను. అవసరం లేదు."

అతను నవ్వు ఆపుకుంటూ పోయి కాగితాల ముందు కూర్చున్నాడు.

పన్నెండున్నరకు పుష్పవల్లి సాంబారు దించి, కంచాలు తెచ్చింది. పరంధామయ్య కోడలిని అడిగి, హార్డ్‌డిస్క్‌ను తువ్వాలుతో సహా రెండు చేతులతో ఎత్తి, అల్మరాలో దేవుడి పటాల కింది అరలో పెట్టి వచ్చాడు. శవమన్నది ఎవరని ఎవరూ అడగలేదు. మూడు రోజుల్లో మొదటిసారి ఆయన మారు అన్నం పెట్టించుకున్నాడు. అన్నం తింటూ తంగరాజ్‌కు ఫోన్ చేసి, దొరికిందప్పా, రేపు నీకు కావాల్సిన డ్రాయింగ్ కూడా ఉండాదని అరవంలో ఇంత గట్టిగా చెప్పాడంటే, ఫోన్ లేకపోయినా వ్యాసర్పాడిలో తంగరాజ్‌కు వినిపించి ఉండేది.

ఒంటిగంటన్నరకు వెతుకులాట ముగిసింది. విజయకుమార్ కాగితం మీద లెక్క చూశాడు. మూడువందల పంతొమ్మిది.

"మూడువందల యాభై ఏడు గదా," అన్నాడు పరంధామయ్య. "మిగతా ముప్పై ఎనిమిది యాడ?"

"వాటి మీద కొత్తవి రాసేసి ఉంటాయండీ," అంది సునయన. "అవి రావు. క్షమించండి."

"రావా? ఒక్క దినం నడిచిన దానికి ముప్పై ఎనిమిది పోయినాయా? ఆ ఫ్రాన్సాయన ఇంకొంచెం బాగా వెతికేట్టు రాసుండచ్చు గదా."

"బాగుంది వరస," అంది పుష్పవల్లి. "పుణ్యానికి పుట్టెడు ఇస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు. నిన్నటి దాకా ఒక్కటి వస్తే చాలు దేవుడా అన్నారు. ఇప్పుడు ఫ్రాన్సు మీద పడినారు."

పరంధామయ్య కోడలి వైపు చూశాడు.

"ముప్పై ఎనిమిది నేను గీసుకుంటా మా. వాడికి ఈడ గీత నేర్పించింది నేనే. ఈ బొమ్మల సాఫ్ట్‌వేర్ ఎట్ల వాడాలో నువ్వు నేర్పించు, చాలు." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మూడు దినాలు నీతో మాట్లాడకుండా పోతి. పెద్దవాణ్ని, బుద్ధి ఉండాల్సింది. మనసులో పెట్టుకోవద్దు."

సునయన పెట్టుకోనని తల ఊపింది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన తరవాత ఇంత హాయిగా ఊపిరి పీల్చుకున్న రోజు ఆమెకు ఇంకొకటి గుర్తులేదు.

"ఉత్తరాలు కూడా వచ్చాయండీ," అంది, ఏడుపు కనబడకుండా తెర వైపు తిరిగి. "పదకొండు. ఒకసారి చూసేస్తే పని అయిపోతుంది."

"చూడు చూడు. పాత కొటేషన్లు అయ్యుంటాయి."

తొమ్మిది పాత కొటేషన్లే. పదోది కరెంటు ఆఫీసుకు రాసిన అర్జీ. పదకొండోదాన్ని తెరిచి సునయన మొదటి వాక్యం పైకి చదివింది. "అన్నకు, నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తా ఉండా."

అక్కడ ఆగిపోయింది.

"వాడిదేనా?" అన్నాడు పరంధామయ్య ఉత్సాహంగా. "చదువు మా."

"మామయ్యగారూ, ఇది డ్రాయింగ్ సంగతి కాదండీ. మీరు తరవాత ఒక్కరే చదువుకుంటారా?"

"నాకు ఆ చిన్నక్షరాలు ఆనవు. నువ్వే చదువు. ఇంట్లోవాళ్లమే గదా ఉండేది."

సునయన భర్త వైపు చూసింది. అతను చదవమన్నట్టు తల ఊపాడు. ఆమె చదివింది.

"వచ్చే నెల ఒకటో తేదీ నుంచి నేను షాపుకు రాను. ఇంట్లో కూడా ఉండను. పాడి ఏరియాలో ఒకాయన పనికి పిలిచినాడు, ఆడికి పోతా. నీ మీద కోపం లేదు. కారణం అడగొద్దు, అడిగితే చెప్పను. డ్రాయింగులు అన్నీ ఆడనే ఉండాయి. బీరువా తాళం డైలో తూటు ఇంకో తడవ కొలవాల, మర్చిపోవద్దు. తమ్ముడు కోదండం."

పైన తేదీ ఉంది. 2017 ఆగస్టు తొమ్మిది. కోదండరాం షాపుకు రావడం మానింది 2021లో, ఆసుపత్రిలో చేరిన నాడు. అంతదాకా ఒక్క పూట మానలేదు.

"నాకు ఇట్లాంటి ఉత్తరం రాలేదే," అన్నాడు పరంధామయ్య.

"పంపలేదనుకుంటానండీ. రాసి, తరవాత చెరిపేసి ఉంటారు." సునయన గొంతు తగ్గించింది. "ఈ ఫోటోరెక్‌కి పొరపాటున పోయింది ఏదో, కావాలని చెరిపింది ఏదో తెలియదు. రెండూ తెచ్చి పెట్టేస్తుంది."

"పోతానని రాసినాడు. పోలేదు. నాతో నాలుగేళ్లు పక్కన నిలబడి పని చేసినాడు. ఒక్క మాట చెప్పలేదు." పరంధామయ్య ఎవరినీ అడగటం లేదు. "ఎందుకు పోవాలనుకున్నాడు? నేనేం చేసినా వాడిని?"

"మీరేం చేయలేదు," అంది పుష్పవల్లి.

ఆమె కంచాలు పేర్చుతూ ఆగిపోయి ఉంది. పై కంచంలో మిగిలిన మజ్జిగ వంగి బల్ల మీదికి కారుతున్నా చూసుకోలేదు.

"ఆ ఉత్తరం నాకు చూపించినాడు మరిది. చెరిపేయమన్నది నేనే."

పరంధామయ్య తెర వదిలి భార్య వైపు చూశాడు. "కారణం తెలుసునా నీకు?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పుంటే ఆయన ఈ ఇంట్లో ఉండేవాడు కాదు. నన్ను కూడా మీరు ఉండనిచ్చేవాళ్లు కాదేమో. మరిదికి మాట ఇచ్చినా, ఊరుకున్నా."

సునయన చెయ్యి మౌస్ మీద ఉంది. ఆ కిటికీ మూసేయాలా, ఉంచాలా తెలియడం లేదు. మామగారు ఆమె అనుమానం కనిపెట్టాడు.

"మూయొద్దు మా," అన్నాడు. "దీన్ని కూడా సర్వర్లో ఎక్కించు. పేరు పెట్టు, వాడి పేరే పెట్టు. ఇంగ ఈ ఇంట్లో వాడిది ఏదీ చెరిపే పని లేదు." అప్పుడు భార్య వైపు తిరిగాడు. "కూర్చో పుష్పా. చెప్పు."

పుష్పవల్లి కంచాలు దించి, కూర్చుంది. కూర్చుని కొడుకు వైపు చూసింది.

"విజయా, నువ్వు కొంచేపు బయటికి పో."

"ఎందుకు మా? చిన్నాయన సంగతే గదా."

"నువ్వు ఈడ ఉండంగా చెప్పేది కాదు అది."

విజయకుమార్ చేతిలో నంబర్ల కాగితం అలాగే ఉంది. అతను భార్యను చూశాడు, తండ్రిని చూశాడు. ఇద్దరూ అతన్నే చూస్తున్నారు.

అతను లేవలేదు.